ఎర్రబడ్డ కుడి కన్ను

1998 జూలై 6, సోమవారం, ఉదయం ఏడు ఇరవై. సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు ఆగే చోట ఆమె కుడి కన్ను మొదటిసారి ఎర్రగా చూశాను. ఎడమ కన్ను మామూలుగానే ఉంది. "కండ్ల కలకనా?" అని అడిగాను. "కాదక్కా, గాలి కొట్టింది" అంది. ఏ గాలి అని అడిగేలోగా బస్సు వచ్చింది. సీటు దొరికింది. ఆమె నా భుజం మీద తల పెట్టి గురక మొదలుపెట్టింది.

ఇన్నేళ్ల తర్వాత ఇది రాయడానికి కారణం ఉంది. మొన్న మా వీధిలో ఒకావిడ పోతే పరామర్శకు వెళ్లాను. వచ్చిన ప్రతి మనిషీ ఒకటే మాట: "నిద్రలోనే పోయిందట, పుణ్యాత్మురాలు." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నాతో బస్సెక్కే ఆమె పోయినప్పుడు మా బడి సంతాప సభలో హెడ్మాస్టరు కూడా అదే మాట అన్నాడు, నిద్రలో హాయిగా వెళ్లిపోయింది అని. ఆమెకు నిద్ర ఎక్కడిది? ఎన్ని రాత్రులు నిద్రపోయిందో నా దగ్గర లెక్క ఉంది. ఆ సభలో చదువుదామని నోటుబుక్కు తీసుకుపోయాను కూడా. నన్ను మాట్లాడమని పిలవలేదు.

ఆమె హిందీ పండిట్. నేను లెక్కల టీచరును, ఆమెకన్నా ఆరేళ్లు పెద్ద. 1984లో మిర్యాలగూడ ఆడపిల్లల బడిలో కలిశాం. బడి పక్కనే రైసుమిల్లు. కిటికీ తెరిస్తే ఊక దుమ్ము, మూస్తే ఉక్క. ఆమె భర్త అదే మిల్లులో బియ్యం ఎత్తుకొని నెల్లూరుకు, మద్రాసుకు లారీ తోలేవాడు. లోడు కట్టుకొని బడి ముందు నుంచి పోతూ రెండుసార్లు హారను కొట్టేవాడు. పాఠం మధ్యలో ఉన్నా సరే, ఆమె గుమ్మం దాకా వచ్చి లారీ మలుపు తిరిగే దాకా చూసి వెనక్కి వచ్చేది. తర్వాత ఇద్దరికీ కోదాడ బడికి బదిలీ అయింది. ఇద్దరం సూర్యాపేటలో ఇళ్లు తీసుకొని రోజూ బస్సులో పోయి వచ్చేవాళ్లం.

చాక్‌పీసు ముక్కను కొప్పులో గుచ్చుకునేది. సాయంత్రానికి జుట్టు మీద తెల్లటి పొడి. పిల్లలు హిందీలో ఆడ, మగ తప్పు చెబితే కోప్పడేది కాదు. "మేజ్ ఆడది. దర్వాజా మగోడు. ఎందుకని అడగొద్దు, వాళ్ల పెండ్లి చేసేది మనం గాదు" అనేది. క్లాసంతా నవ్వేది. ఆ తర్వాత ఆ రెండు మాటలు ఎవరూ తప్పేవారు కాదు.

కుడి ముక్కుకు ఒంటిరాయి ముక్కుపుడక. ఎర్ర రాయి. బస్సు హైవే మీద పోతున్నప్పుడు పక్కన ఎక్కడైనా బోల్తా పడ్డ లారీ కనిపిస్తే ఆమె చిటికెన వేలు ఆ రాయి మీదకు పోయేది. అంతే, ఒకసారి ముట్టుకొని చెయ్యి దించేది. ఎన్నోసార్లు చూశాను. అలవాటు అనుకున్నాను. కొందరు జడ సర్దుకుంటారు, కొందరు మెటికలు విరుచుకుంటారు.

నిద్ర ఆమెను ఎక్కడ పడితే అక్కడ పట్టుకునేది. బస్సులో, స్టాఫ్‌రూములో, జవాబు పత్రాల మీద, చివరికి బోర్డు ముందు నిలబడి కూడా. గురక గురించి స్టాఫ్‌రూములో రోజుకో జోకు. "హిందీ పీరియడ్ గాదు, మిల్లు ఆడిస్తున్నరు" అని సోషల్ మాస్టారు. "రాత్రంతా ఏం చేస్తరమ్మా?" అని డ్రిల్లు మాస్టారు. ఆ మాట అన్న రోజు నేను రిజిస్టరు బల్ల మీద కొట్టి, ఇంకోసారి అంటే రాతపూర్వకంగా అనమని చెప్పాను. అనలేదు. నవ్వడం మాత్రం మానలేదు. 1997 అక్టోబరులో తనిఖీకి వచ్చిన అధికారి ఆమె కుర్చీలో నిద్రపోతుండగా చూశాడు. మెమో వచ్చింది. ఆమె రాసిన జవాబు నాకు అక్షరాలా గుర్తుంది: "నిద్రపోయిన మాట నిజం. పాఠం పూర్తయిన మాట కూడా నిజం. రెండూ పరిశీలించగలరు." హెడ్మాస్టరు దాన్ని పొగరు అన్నాడు. ఆమె కునుకు తీసినప్పుడు పిల్లలు గొంతు తగ్గించి చదువుకునేవారు. నా క్లాసులో అంత క్రమశిక్షణ ఏనాడూ లేదు.

కోదాడ డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. ఆమె లావు కాదు. మెడ పొట్టి, దవడ చిన్నది, అంతే. అన్నం తగ్గించింది. గురక తగ్గలేదు, మనిషి నీరసపడింది. 1998 మే సెలవుల్లో భర్త ఆమెను హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ ఒక రాత్రి వైర్లు పెట్టి పడుకోబెట్టారు. నిద్రలో ఊపిరి గంటకు నలభై రెండుసార్లు ఆగుతోందని తేలింది. ఆగిన ప్రతిసారీ ఒళ్లు ఉలిక్కిపడి లేస్తుంది, లేచినట్టు మనిషికి తెలియదు. గుండె అప్పటికే ఉబ్బిందట. ముక్కు మీద మాస్కు పెట్టి గాలిని నెట్టే మిషను ఉంటుంది, బతికినన్ని రాత్రులు అది పెట్టుకోవాలి, వదిలితే గుండె ఓపదు అని డాక్టరు స్పష్టంగా చెప్పాడు.

రెండో రాత్రి ఆ మిషనుతోనే పడుకుంది. తిరిగి వచ్చాక మా ఇంటి అరుగు మీద కూర్చొని చెప్పింది.

"అక్కా, నిద్రంటె గిట్లుంటదా? మీరందరు రోజూ గిట్లనే పంటున్నరా?"

"పడుకుంటం. దాన్లో ఏముంది?"

"నాకు కలొచ్చింది. ఎన్నేండ్లయిందో కలొచ్చి."

"ఏం కల?"

"ఏం లేదు. బెండకాయలు కోస్తున్న."

నలభై ఆరేళ్ల మనిషి, బెండకాయలు కోసిన కలను ఎవరో బహుమతి ఇచ్చినట్టు చెప్పింది.

జూలై 5, ఆదివారం రాత్రి మిషను ఆమె ఇంట్లో మొదలైంది. మర్నాడే కుడి కన్ను ఎరుపు. మాస్కు అంచు నుంచి గాలి తప్పించుకొని నేరుగా కంట్లోకి కొడుతోంది. గాలి అట్లా బయటికి పోతే గొంతులోకి చేరేది ఏమీ ఉండదు. మిషను నడుస్తుంది, ఊపిరి మాత్రం ఎప్పటిలాగే ఆగుతుంది. బస్సులో గురక తగ్గకపోవడం చూసి ఇది నాకు అర్థమైంది. ఆ వారమే నోటుబుక్కు పెట్టాను. తేదీ, కన్ను రంగు, బస్సులో ఎక్కడి దాకా నిద్రపోయింది. సెలవు రోజుల్లో ఇంటికి పోయి చూసి రాసేదాన్ని.

మాస్కు అమ్మిన మనిషికి ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాం. "బిగించండి మేడం" అన్నాడు. పట్టీలు బిగించింది. వారానికల్లా ముక్కు దూలం మీద పుండు పడింది, లీకు ఇంకా ఎక్కువైంది. మళ్లీ ఫోను చేశాం. "లేడీస్ ముఖాలకు కొంచెం కష్టం మేడం" అన్నాడు. ఆడవాళ్ల ముఖానికి సరిపోని దాన్ని ఆడమనిషికి ఎందుకు అమ్మావని అడిగాను. ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా సారు బయటికి పోయాడనే జవాబు.

జిడ్డు వల్ల జారుతుందేమోనని శెనగపిండితో ముఖం కడిగించాను. పట్టీలు వదులు చేసి దర్జీతో కుట్టించాను. దిండు మార్పించాను. అంచు కింద దూది పెట్టించాను. జూలై 26, ఆదివారం పగలు పదకొండింటికి వాళ్లింట్లో సైకిలు పంక్చరు చూసినట్టు పరీక్ష చేశాం. ఆమె మంచం మీద పడుకొని మాస్కు పెట్టుకుంది. నేను సబ్బు నురుగు అంచు చుట్టూ రాసి బుడగలు వస్తాయేమోనని కళ్లద్దాలు పెట్టుకొని చూశాను. వాకిట్లో ఆమె భర్త లారీ కడుగుతూ, "ట్యూబు ఎక్కడ పోయింది టీచరమ్మా? ప్యాచు తేవాల్నా?" అని నవ్వాడు. ఒక్క బుడగ రాలేదు. మాస్కు ముఖానికి అతుక్కుపోయినట్టు కూర్చుంది. ముక్కుపుడక తీసి పుస్తెలతాడుకు పెట్టుకొని ఉంది. దవాఖానలో నర్సు తీయించింది గనుక రోజూ తీసే పడుకుంటుందని అనుకున్నాను. అడగలేదు. ఆ సాయంత్రం భర్త లోడుకు పోయాడు. సోమవారం కన్ను ఎరుపు.

ఆగస్టు 28, శుక్రవారం. కోదాడ బస్టాండులో సాయంత్రం నాలుగు యాభైకి నోటుబుక్కు తెరిచి ఆమె ముందు పెట్టాను. యాభై నాలుగు రాత్రులు. కన్ను తెల్లగా ఉన్న ఉదయాలు ఎనిమిది. ఆ ఎనిమిది రోజులూ ఆమె టిఫిను డబ్బాలోనో, సెలవైతే పొయ్యి మీదనో చేపల పులుసు. భర్త ఇంట్లో ఉంటేనే ఆమె చేపలు వండుతుంది.

"మిషను మంచిదే. మాస్కు మంచిదే. ఆయన ఇంట్ల ఉన్న రాత్రి లీకు లేదు. ఎందుకు?"

ఆమె డబ్బా మూత తిప్పుతూ కూర్చుంది.

"పుడక తీస్తలేవా?"

"ఆయన ఇంట్ల ఉన్ననాడు తీస్త."

"లేని నాడు?"

"ఆయన రోడ్డు మీదున్నప్పుడు నేను తియ్యనక్కా."

కారణం చెప్పింది. మిర్యాలగూడలో ఉన్నప్పుడు పుడక మర విరిగింది. పొద్దున్నే కంసాలికి ఇచ్చింది. శుక్రవారం. "శుక్రారం పూట బంగారం గడప దాటించినక్కా, బుద్ధి లేక." అదే రోజు పగలు పన్నెండింటికి టెలిగ్రాం. నందిగామ దగ్గర లారీ బోల్తా పడింది, ఆయన చెయ్యి విరిగింది, అక్కడి దవాఖానలో ఉన్నాడు. ప్రమాదం నాకు తెలిసిందే, పుడక సంగతే తెలియదు. నేను తేదీ అడిగి నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాను: 1989 నవంబరు 17, శుక్రవారం.

"ఒక్క ఉదాహరణతో సూత్రం కట్టరే" అన్నాను.

"మరి రెండోది కావాల్నా నీకు? రెండోది అయినంక కడదామా సూత్రం?"

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. వచ్చింది. చదువుకున్నదానివి, పిల్లలకు పాఠం చెప్పేదానివి, రాయిని నమ్ముకొని గుండె పోగొట్టుకుంటావా అన్నాను. ముక్కు రంధ్రం ఖాళీగా ఉండకూడదనుకుంటే పడుకునేటప్పుడు చిన్న వేపపుల్ల ముక్క పెట్టుకో, చదునుగా ఉంటుంది, మాస్కు కూర్చుంటుంది అన్నాను. లేని ఇళ్లలో ఆడవాళ్లు అదే పెట్టుకుంటారు.

"పుల్ల పెట్టుకుంటే ఆయన సైకిలు తోలినప్పుడు సరిపోతది. తోలేది పది చక్రాల లారీ."

నేను నవ్వలేదు. నవ్వి ఉంటే, ఆ నవ్వులో బతిమాలి ఉంటే పుల్లకైనా ఒప్పుకునేదేమో. నేను టికెట్టు వెనక లెక్క వేసి చూపించాను. ఆ సంవత్సరం నుంచి ఆయన ఎన్ని ట్రిప్పులు వేశాడు, నీ పుడక వాటిలో ఎన్నింటిని కాపాడిందని రుజువు చేయగలవు, అట్లా. ఆమె టికెట్టు మడిచి డబ్బాలో వేసుకుంది.

"సరే, ఆయన్నే అడుగుత" అన్నాను.

అప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకొని తన నెత్తి మీద పెట్టుకుంది. బస్టాండులో, అందరూ చూస్తుండగా. "ఆయనకు చెప్తె నా మీద ఒట్టు. నేనిట్ల భయపడుతున్ననని తెలిస్తె స్టీరింగు మీద ఆయన చెయ్యి వణుకుతది. గది పుడక తీసినదానికంటె ఎక్కువ." తర్వాత మామూలుగా అంది: "వారానికొక్క నిద్ర సాలక్కా నాకు. ఇన్నేండ్లు అది గూడ లేకుండె."

నేను చెప్పలేదు.

సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు. కన్ను ఎరుపు, ఎరుపు, తెలుపు, ఎరుపు. తెల్ల కన్ను రోజుల్లో ఆమె బస్సులో మేలుకొని ఉండేది. కిటికీ లోంచి చూస్తూ ముకుందాపురం దాటాం, మునగాల వచ్చింది అని నాకు చెప్పేది, ఆ రోడ్డు నేను ఎప్పుడూ చూడనట్టు. ఆ రోజుల్లోనే కలలు చెప్పేది. రైలెక్కానని, కోడిపిల్లలు పోయాయని, నేను హిందీలో లెక్కలు చెబుతున్నానని. డిసెంబరుకు కాళ్లు వాచాయి. జనవరిలో మెట్లెక్కుతుంటే మధ్యలో ఆగేది. సంక్రాంతి సెలవుల తర్వాత హెడ్మాస్టరు ఆమెకు పై అంతస్తు క్లాసులు వేశాడు. అడిగితే, "కదిలితే నిద్ర రాదు గదా" అన్నాడు. ఆ టైంటేబులు కాగితం కూడా నా దగ్గర ఉంది.

1999 మార్చి 9, మంగళవారం. ఏడు ఇరవై బస్సుకు రాలేదు. ఏడు యాభై బస్సుకూ రాలేదు. ఇంటికి పోయాను. లోపల గొళ్లెం. పక్కింటాయన కిటికీ లోంచి చెయ్యి పెట్టి తీశాడు. మిషను నడుస్తూనే ఉంది. మాస్కు ముఖం మీదే ఉంది. కుడి వైపు అంచు నుంచి గాలి బుస్సుమని పోతోంది, ఆ గాలికి ఆమె చెంప మీది వెంట్రుకలు కదులుతున్నాయి. ఇంకేదీ కదలడం లేదు. నేను స్విచ్చి ఆపాను. ఎనిమిదీ పది.

ఆడవాళ్లు వచ్చారు. పసుపు, కుంకుమ, పూలు. "నిద్రలోనే పోయింది. ముత్తైదువ సావు. ముక్కుపుడక ముక్కునే ఉంది, రాసిపెట్టుకొని పుట్టిన తల్లి" అని పక్కింటి ముసలావిడ రాయిని కొంగుతో తుడిచింది.

"ఆ పుడకే సంపింది" అన్నాను.

అందరూ నా వైపు చూశారు. ఎవరో నా భుజం మీద చెయ్యి వేసి, "టీచరమ్మకు మనసు బాగలేదు, మంచినీళ్లియ్యిండ్రి" అన్నారు. నాకు మంచినీళ్లు అక్కర్లేదు.

ఆయన నెల్లూరు నుంచి సాయంత్రానికి వచ్చాడు. పదకొండో రోజు, మార్చి 19న, అందరూ పోయాక నోటుబుక్కు ఆయన చేతిలో పెట్టాను. ఒట్టు ఆమె నెత్తి మీద పెట్టింది. నెత్తే లేదు, ఇంక ఒట్టెక్కడిది. మొత్తం చెప్పాను. ఆయన పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు.

"నేనింట్ల ఉంటె ముక్కు బోసిగ ఉండేది. ఎందుకు తీస్తవని ఒకసారి అడిగిన. నువ్వింట్ల ఉన్నవ్ గద అన్నది. నాకర్థం గాలే." తలెత్తి అడిగాడు. "ఒక్కమాట నాకెందుకు చెప్పలేదు టీచరమ్మా మీరు?"

"ఒట్టు పెట్టించుకుంది."

"మీరు ఒట్లు నమ్ముతరా?"

"నమ్మను."

"మరి?"

ఆ ప్రశ్న ఆయన మళ్లీ అడగలేదు. నాకు మాత్రం రోజూ వినిపిస్తుంది.

చివరి పేజీ దగ్గర ఆగాడు. నవంబరు 17 అని నేను రాసిన చోట వేలు పెట్టాడు. "ఇది తప్పు" అన్నాడు. లేచి, లారీ కాగితాల కవరు తెచ్చి, అందులోంచి నందిగామ దవాఖాన చీటి తీసి ఇచ్చాడు. ఇన్సూరెన్సు కోసం దాచిన చీటి. చేర్చుకున్న తేదీ 16-11-89. ఉదయం అయిదున్నర.

"నేను పడ్డది గురువారం తెల్లారగట్ల. టెలిగ్రాం చేరింది శుక్రారం పగలు. మా ఇంట్ల అందరు శుక్రారం యాక్సిడెంట్ అనే అంటరు. నేను గూడ గట్లనే అంటుంటి."

గురువారం తెల్లవారుజామున పుడక ఆమె ముక్కునే ఉంది. మర్నాడు కంసాలికి ఇచ్చింది. వార్త వచ్చిన రోజునే ప్రమాదం జరిగిన రోజుగా తొమ్మిదేళ్లు మోసింది. ఆమె భయపడ్డ మనిషి, సరే. తేదీలు సరిచూడటమే పనిగా బతికినదాన్ని నేను. పదో తరగతి పిల్ల లెక్కలో ఇచ్చిన సంఖ్యను సరిచూడకుండా ఎక్కించుకుంటే మార్కులు కోసేదాన్ని. టెలిగ్రాం ఎప్పుడు ఇచ్చారు, ఆయన ఎప్పుడు పడ్డాడు అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే, ఆ చీటి ఒకసారి ఆమె ముందు పెట్టి ఉంటే, ఆ రాత్రే పుడక తీసేది. అది అడగడానికి ఒట్టు కూడా అడ్డు కాదు. ఆమెకు రాయి ఏం చేయదో చెప్పడానికి నేను ఒక టికెట్టు నిండా లెక్క వేశాను. ఒక తేదీ మాత్రం అడగలేదు.

ఇదీ లెక్క.

మిషను నడిచిన రాత్రులు, 1998 జూలై 5 నుంచి 1999 మార్చి 8 దాకా: 247.

ఆయన రోడ్డు మీద ఉన్నవి, అంటే గాలి పోయినవి: 210.

ఆయన ఇంట్లో ఉన్నవి: 37. అందులో కరెంటు పోయినవి: 4.

ఆమె నిద్రపోయిన రాత్రులు: 33.

నాకు చెప్పిన కలలు, బెండకాయలతో కలిపి: 7.

పుడక ముక్కున ఉండగా లారీకి జరిగిన ప్రమాదాలు: ఒకటి. లేనప్పుడు జరిగినవి: సున్న.

నేను తప్పిన ఒట్లు: సున్న.

పోయిన మనిషి: ఒకరు.